మల్లేశం మరిచిపోయిన వరుస

దయ్యాలు లేవని వాదించి గెలిచినదాన్ని నేను. హైటెక్ సిటీలో ఒక పెద్ద ఐటీ బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. మా అయిదో అంతస్తు లేడీస్ వాష్‌రూమ్‌లో మనిషి లేకున్నా నల్లా దానంతట అదే తిరుగుతుందని, ఎవరో ఆడమనిషి వచ్చి చేతులు కడుక్కుంటుందని మా దగ్గర పనిచేసే అమ్మాయిలు ఆ అంతస్తు డ్యూటీ అంటేనే ఏడ్చేవాళ్ళు. నేను అరగంట అక్కడే నిలబడి చూశాను. నల్లా కింద చిన్న కన్ను ఉంటుంది. దాని ముందు ఏది కదిలినా నీళ్ళు వస్తాయి. పక్కనే వేలాడుతున్న టిష్యూ రోల్ కొస ఏసీ గాలికి ఊగుతోంది. అంతే. రోల్‌ను అవతలి గోడకు బిగించమన్నాను. ఆ ఆడమనిషి మళ్ళీ చేతులు కడుక్కోలేదు.

నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా బోరబండలో మేం కిరాయికి ఉండే ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న లైబ్రరీలో చదువుకున్నాను. గ్రహణం ఎట్లా పడుతుందో, పాము ఎందుకు పగ పట్టలేదో, పూనకం వచ్చిన మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో అక్కడే తెలుసుకున్నాను. శరీరం గురించి, రోగాల గురించి ఉన్న అల్మారా మొత్తం రెండుసార్లు అయిపోయింది. "అంజమ్మా, ఇగ నీకియ్యడానికి నా దగ్గర పుస్తకాల్లేవు, నువ్వే ఒకటి రాయి" అని లైబ్రేరియన్ సారు నవ్వేవారు.

ఇప్పుడు రాస్తున్నది ఆయన అడిగిన పుస్తకం కాదు. ఇది మా ఇంటాయన మల్లేశానికి జరిగింది. అందులో నాకు అర్థమైన భాగం ఉంది, అర్థం కాని భాగం ఉంది. రెండింటినీ కలపకుండా చెప్పాలని నా ప్రయత్నం.

మల్లేశం క్యాబ్ నడిపేవాడు. ఐటీ ఆఫీసులకు మనుషులను ఎక్కించుకుని పోవడం, దించడం. కొండాపూర్, రాయదుర్గం, నానక్‌రాంగూడ, ఏ సందులోంచి ఏ సందులోకి పోతే సిగ్నల్ తప్పుతుందో అతని చేతులకే తెలుసు. మందు ముట్టడు. అయినా లివర్ చెడింది. ఒకసారి రక్తదానం చేయడానికి వెళితే హెపటైటిస్ బి ఉందని బయటపడింది. అది ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా లివర్‌ను గట్టిపరిచిందని పెద్ద దవాఖానలో డాక్టరు చెప్పారు. చుట్టుపక్కల వాళ్ళు మాత్రం నమ్మలేదు. "తాగకుంటే లివర్ ఎట్ల పోతది వదినా, చాటుకు తాగుతుండొచ్చు" అని నా మొహం మీదే అన్నారు. నేను వాళ్ళందరికీ వైరస్ గురించి పాఠం చెప్పాను. ఎవరూ పూర్తిగా వినలేదు.

మందులు వేసుకుంటూ రెండేళ్ళు బాగానే నడిచింది. పోయిన ఏడాది ఎండాకాలంలో చెకప్‌కు వెళ్ళినప్పుడు డాక్టరు కొత్తగా కొన్ని ప్రశ్నలు అడిగారు. పగలు నిద్ర వస్తోందా, దారి తప్పుతున్నాడా, మాట వెతుక్కుంటున్నాడా అని. లివర్ సరిగా పనిచేయకపోతే పేగుల్లో పుట్టే విషం రక్తంలో కలిసి మెదడు వరకూ పోతుందట. మొదట్లో అది పైకి కనబడదు. మనిషి నవ్వుతాడు, మాట్లాడతాడు, పేరు అడిగితే చెబుతాడు. ఇంట్లో వాళ్ళకు కూడా తెలియదు. అందుకే చిన్న చిన్న పరీక్షలు పెట్టి పట్టుకోవాలి అన్నారు. డ్రైవరు కాబట్టి తప్పనిసరి అన్నారు.

పరీక్ష చేసింది అక్కడ పనిచేసే ఒక చిన్న వయసు అమ్మాయి. కాకినాడ వైపు అమ్మాయి అనుకుంటాను, ప్రతి మాటకూ 'అండి' పెట్టేది. ముందు ఒక కాగితం ఇచ్చింది. దాని మీద అంకెలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒకటి నుంచి మొదలుపెట్టి వరసగా గీతతో కలపాలి. మల్లేశం కళ్ళజోడు తెచ్చుకోలేదు. నిదానంగా కలిపాడు. ఆ అమ్మాయి వాచీ చూసి ఏదో రాసుకుంది.

"ఇప్పుడు ఒక్క నిమిషంలో మీకు గుర్తొచ్చిన జంతువుల పేర్లన్నీ చెప్పండి. ఎన్ని చెబితే అంత మంచిదండి."

మల్లేశం పైకప్పు వైపు చూసి మొదలుపెట్టాడు. "కుక్క, ఆవు, ఎద్దు..." అని ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాత అతని గొంతు మారింది. "పుల్లది, నల్లబొల్లి, మొండిచెవ్వు, ఎర్రమూతి, గంటది, జోలెచెవ్వు, తోకమచ్చ, కుంటిది, చుక్కబొల్లి..."

ఆ అమ్మాయి పెన్ను ఆగిపోయింది. "ఇవేం జంతువులండీ?"

"గొర్లు మేడం. మావే."

మల్లేశం వాళ్ళది నారాయణపేట వైపు గొర్రెలు కాసే కుటుంబం. ఈ సంగతి నాకు పెళ్ళప్పుడే తెలుసు. కానీ వాటికి పేర్లు ఉండేవని మా ఇరవై ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ చెప్పలేదు. అతను అయిదో తరగతికి గవర్నమెంటు హాస్టల్‌కు వెళ్ళాడు. సెలవులకు ఇంటికి వచ్చేసరికి మంద లేదు. "అంగట్ల అమ్మినం" అని వాళ్ళ నాయన ఒక్క మాట చెప్పి ఊరుకున్నాడట. ఆ తర్వాత ఆయన కూడా పట్నం వచ్చి, ఈ ఐటీ బిల్డింగులు కట్టేచోట రాళ్ళు కొట్టాడు. పోయి పదకొండేళ్ళయింది. మంద గురించి ఇంతకు మించి మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

లెక్క చూస్తే ఆ అమ్మాయి తొమ్మిది గొర్రెలకూ కలిపి ఒకటి వేసింది. నాకు కోపం వచ్చింది.

"ఏందమ్మా గిట్ల? మీ ఇంట్ల అయిదుగురుంటే ఒక్క మనిషే ఉన్నడని రాసుకుంటవా?"

"నేను కాదండి, రూల్ అలా ఉందండి. గొర్రె అంటే ఒకటేనండి."

"ఆ రూలు రాసినాయన గొర్లు కాసిండా ఎప్పుడన్న?"

మల్లేశం నవ్వాడు. "ఇడువే అంజీ. గొర్లను లెక్కవెట్టుడు నా పని గని ఆమె పని గాదు."

లెక్క తక్కువ వచ్చింది, వారం తర్వాత వచ్చి పెద్ద పరీక్ష చేయించుకోండి, అప్పటివరకూ బండి నడపొద్దు అన్నారు డాక్టరు. నేను తల ఊపాను. బయటికి వచ్చాక నాకు నేను వేరే తీర్పు ఇచ్చుకున్నాను. బొమ్మల చార్టు చూసి సింహం, జిరాఫీ అని నేర్చుకున్న పట్నం పిల్లల కోసం తయారు చేసిన పరీక్ష ఇది. తొమ్మిది గొర్రెలను మొహం మొహం విడదీసి చెప్పగలిగిన మనిషి మెదడుకు ఏం తక్కువ? ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ మాత్రం తెలియదా?

పెద్ద పరీక్షకు వెళ్ళలేదు. పరీక్ష నేనే ఇంట్లో పెట్టడం మొదలుపెట్టాను. మల్లేశం డ్యూటీ మధ్యాహ్నం నుంచి. నాది పొద్దున తొమ్మిదికి. నేను బయల్దేరే ముందు, చాయ్ తాగాక, అతన్ని మంచం మీద కూర్చోబెట్టేదాన్ని. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి ఒక్క నిమిషం. అతను చెబుతుంటే గోడ మీద క్యాలెండర్ అంచున గీతలు గీసేదాన్ని. నోటి నుంచి ఒక పేరు వస్తే ఒక గీత. రోజూ ఇరవైకి అటూ ఇటూ వచ్చేవి. బాగున్నాడు అనుకుని, బండి తాళం చెవి అతని చేతికిచ్చి పనికి వెళ్ళేదాన్ని.

నిజం చెప్పాలంటే అది పరీక్ష అన్న సంగతే నేను మరిచిపోయాను. రోజంతట్లో నాకు ఇష్టమైన నిమిషం అది. పెళ్ళయిన కొత్తలో కూడా మల్లేశం అట్లా మాట్లాడింది లేదు. కళ్ళు మూసుకుని, ఒక్కొక్క పేరునూ దగ్గరికి పిలుస్తున్నట్టు చెప్పేవాడు. పేరు చెప్పినప్పుడల్లా చేయి కొద్దిగా కదిలేది, వీపు మీద తట్టినట్టు. నాకు తెలియని పదేళ్ళ పిల్లవాడు ఎవరో మా మంచం మీద కూర్చున్నట్టుండేది. నేను చూడని ఆ పిల్లవాడి మీద నాకు బెంగ పుట్టేది. బిల్డింగ్‌లో ఫ్లోర్లు చెక్ చేసుకుంటూ మర్నాటి నిమిషం కోసం ఎదురుచూసేదాన్ని.

అందుకే మిగతావి చూడలేదు. కారు ఎడమ అద్దం రెండుసార్లు గీసుకుపోయింది. ట్రాఫిక్ అనుకున్నాను. పగలు కునుకుతూ రాత్రంతా మేలుకునేవాడు. ఎండలు అనుకున్నాను. పప్పులో ఉప్పు వేసి, మళ్ళీ వేశాడు. మగవాళ్ళు వంట చేస్తే అంతే అనుకున్నాను. నేను ఎగతాళి చేస్తే వెంటనే మాటకు మాట అప్పజెప్పే మనిషి, కాసేపు ఆగి నవ్వడం మొదలుపెట్టాడు. దానికి కారణం వెతకలేదు. ఇవన్నీ పుస్తకంలో ఒక్క పేజీలో వరుసగా ఉంటే పట్టుకునేదాన్నే. ఇంట్లో ఒక్కొక్కటి ఒక్కొక్క రోజు జరిగింది.

అయిదు వారాల తర్వాత ఒక రోజు, పొద్దున తొందరలో నిమిషం పెట్టకుండానే పనికి వెళ్ళాను. మధ్యాహ్నం మూడు దాటాక నా ఫోన్ మోగింది. మల్లేశం నంబరే. మాట్లాడింది ఒక అమ్మాయి.

"ఆంటీ, నేను క్యాబ్‌లో ఉన్నానండి. అన్న కారు పక్కకి ఆపి దిగిపోయారు. ఎంత పిలిచినా రావట్లేదు. ఫోన్ సీట్లోనే ఉంటే లాస్ట్ నంబర్‌కి చేశాను. మీరు రాగలరా?"

నానక్‌రాంగూడ దాటాక, ఇంకా బిల్డింగులు రాని జాగా ఒకటి ఉంది. చుట్టూ నీలం రేకులు పాతారు. లోపల పెద్ద పెద్ద బండరాళ్ళు, ఎండిన గడ్డి. ఆటోలో వెళ్ళేసరికి ఆ అమ్మాయి తన గొడుగు మల్లేశం తల మీద పట్టుకుని ఎండలో నిలబడి ఉంది. ఆ పిల్లకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. కారు తలుపు తీసే ఉంది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏ దెబ్బా తగలలేదు.

మల్లేశం రెండు రేకుల మధ్య సందులోంచి లోపలికి చూస్తున్నాడు. నన్ను చూసి ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"వచ్చినవా? చుక్కబొల్లి దొరికింది. గా రాళ్ళెనుక ఉన్నది. నాయినకు చెప్పుపో, ఇగ తిరగొద్దను."

నేను సందులోంచి చూశాను. రాళ్ళు, గడ్డి, ఎగిరిపడుతున్న ప్లాస్టిక్ కవర్లు. ఇంకేమీ లేదు.

దవాఖానలో అతని చేతులు ముందుకు చాపి అరచేతులు పైకెత్తమన్నారు. పక్షి రెక్కల్లా కొట్టుకున్నాయి. మూడు రోజులుగా విరేచనం కాలేదట, నాకు చెప్పలేదు. విషమంతా లోపలే ఉండిపోయింది. విరేచనాల సిరప్ పోశారు, సెలైన్ పెట్టారు. రెండో రోజు సాయంత్రానికి మల్లేశం తెలివిలోకి తిరిగి వచ్చాడు. "నా చెప్పులేవే?" అని అడిగాడు. ఏడుపు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాను.

డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇంట్లో నేనే లెక్క పెట్టానని, బండి తాళం నేనే ఇచ్చానని చెప్పాను. ఆయన తిట్టలేదు. పరీక్ష చేసే ఆ అమ్మాయి నన్ను పక్కకు తీసుకెళ్ళి నెమ్మదిగా అడిగింది.

"చెప్పిన పేరే మళ్ళీ చెబితే కూడా గీత గీశారాండీ?"

గీశాను. నోటి నుంచి ఏ పేరు వచ్చినా గీశాను.

"అదే చూడాల్సిందండి. పేర్లు తగ్గుతుంటే మనిషి ఉన్నవాటినే తిప్పి తిప్పి చెబుతాడు."

ఇంత వరకూ నాకు అర్థమైన భాగం.

రికార్డింగులన్నీ నా ఫోన్‌లో తేదీలతో సహా ఉన్నాయి. నా తప్పు ఎంతో నేనే చూసుకోవాలనుకున్నాను. మా బిల్డింగ్ సెల్లార్‌లో మాప్‌లు, బకెట్లు పెట్టుకునే గది ఒకటి ఉంది. అన్నం తినే టైములో అక్కడ కూర్చుని, ఒక నోట్‌బుక్‌లో ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పేజీ పెట్టి, అతను చెప్పిన పేర్లన్నీ రాశాను. వారం పట్టింది. నోట్‌బుక్ ఇంటికి తీసుకుపోలేదు. నా లాకర్‌లోనే ఉంచాను. మల్లేశం చూస్తే బాధపడతాడని.

రాసేసరికి కనబడింది. మొదటి వారం తొమ్మిది గొర్రెలూ ఉన్నాయి. తర్వాత ఒక రోజు పుల్లది లేదు. ఆ రోజు తర్వాత మళ్ళీ ఎన్నడూ రాలేదు. నాలుగు రోజులకు కుంటిది పోయింది. తర్వాత మొండిచెవ్వు, తర్వాత గంటది. తర్వాత ఒకే రోజు జోలెచెవ్వు, ఎర్రమూతి రెండూ పోయాయి. తోకమచ్చ. నల్లబొల్లి. కుక్క, ఆవు, పిల్లి లాంటివి అటూ ఇటూ అయ్యాయి కానీ పోలేదు. గొర్రెలు మాత్రం పోయినవి పోయినట్టే. ఆఖరి నాలుగు రోజులూ చుక్కబొల్లి ఒక్కటే మిగిలింది. దాన్నే ఆరుసార్లు, ఏడుసార్లు పిలిచాడు. నేను ప్రతిసారీ గీత గీశాను.

మెదడు మసకబారుతుంటే ఒక్కొక్క మాట జారిపోవడం నాకు వింతగా అనిపించలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. నోట్‌బుక్ లాకర్‌లో పెట్టి తాళం వేశాను.

ఆ తర్వాతి ఆదివారం ఈరమ్మత్త వచ్చింది. మల్లేశానికి మేనత్త, వాళ్ళ నాయన చెల్లెలు. డెబ్బై దాటింది, అక్షరం ముక్క రాదు. పెళ్ళి చేసుకోలేదు, అన్నతో పాటే మంద వెంట తిరిగిన మనిషి. మేనల్లుణ్ణి చూడటానికి జొన్నపిండి మూట నెత్తిన పెట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. మల్లేశం తిని పడుకున్నాడు. నేను బియ్యం ఏరుతూ ఊరికే అడిగాను. రికార్డింగుల సంగతి, నోట్‌బుక్ సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇది నాకు కచ్చితంగా గుర్తుంది.

"అత్తా, మీ గొర్లకు పేర్లుండెనటగా?"

"ఉండె. తొమ్మిదింటికి ఉండె. తక్కినయి వాటి పిల్లలు."

"అన్నీ ఒక్కసారే అమ్మిండ్రా?"

ఈరమ్మత్త లోపలి గది వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"అమ్ముడెక్కడిది బిడ్డా. అన్నీ సచ్చినయి. నీలినాలుక రోగం. మూతులు వాసి, నాలుక నీలమై, నీళ్ళు గూడ మింగకపోయేటివి. నేనే గుంతలు తవ్విన. మా అన్న చెయ్యి పెట్టలేదు, దూరం కూసున్నడు."

"మరి ఈయనకు అమ్మినమన్నరు?"

"పిల్లగాడు సదువు ఇడిసిపెట్టి ఉరికొస్తడని. నాతోని ఒట్టేపిచ్చుకున్నడు."

"మరిప్పుడు నాకు చెప్తున్నవు?"

"వానికి చెప్పనని ఒట్టేసిన. నీకు చెప్పనని కాదు. నువ్వప్పుడు పుట్టినవా ఏంది?" అని నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత నేను అడగకుండానే వేళ్ళు మడుస్తూ చెప్పుకుపోయింది. ఒక్కొక్క గుంత ఎక్కడ తవ్విందో, ఆ రోజు ఎండో వానో కూడా చెప్పింది. మొదలు పుల్లది పోయిందట. తర్వాత కుంటిది. ఆమె మొండిచెవ్వు అనేసరికి నా చేతిలో చాట ఆగిపోయింది. లేచి వెళ్ళి మందుల చీటీ ఒకటి తెచ్చి, దాని వెనక పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాను. "జోలెచెవ్వు, ఎర్రమూతి ఒక్కనాడే పోయినయి. రెండిటిని ఒక్క గుంతలనే పెట్టిన" అంది.

"చుక్కబొల్లి?"

"అది సావలేదు బిడ్డా. దానికి రోగం అంటలేదు. అన్నీ పోయినంక ఒక్కతే నాలుగు దినాలు దొడ్లె తిరిగింది, అరుసుకుంట. అయిదో నాడు గుట్టల్లకు పోయింది. మా అన్న ఎనిమిది దినాలు రాళ్ళ నడుమ దాని పేరు పెట్టి పిలుసుకుంట తిరిగిండు. దొరకలే. సచ్చినయాటికి ఏడ్వలేదు గని దానికోసం తిరిగిండు."

సోమవారం పొద్దున డ్యూటీ ఎక్కగానే సెల్లార్‌లోకి వెళ్ళాను. ట్యూబ్‌లైట్ వెలుగుతోంది, పక్కన అమ్మాయిలు బకెట్లలో ఫినాయిల్ కలుపుతూ ఏదో సీరియల్ గురించి పోట్లాడుకుంటున్నారు. లాకర్ తీసి నోట్‌బుక్ ఒక చేతిలో, మందుల చీటీ ఒక చేతిలో పట్టుకుని ఒక్కొక్క పేరూ కలిపి చూశాను.

వరుస ఒక్కటే. తొమ్మిదికి తొమ్మిది. ఒకే గుంతలో పెట్టిన రెండూ ఒకే రోజు అతని నోటి నుంచి పోయాయి. ఒంటరిగా మిగిలింది నాలుగు రోజులు మిగిలింది. అయిదో రోజే నేను ఆటోలో నానక్‌రాంగూడ వెళ్ళింది.

నేను నమ్మలేదు. నమ్మకపోవడం నాకు అలవాటు. అది చెల్లకపోవడానికి కారణాలన్నీ వెతికాను. వాళ్ళ నాయన ఎప్పుడైనా చెప్పాడా? చెప్పి ఉంటే మల్లేశం ఇన్నేళ్ళు అంగట్లో అమ్మారనే అనుకునేవాడు కాదు. అత్త ఎవరికైనా చెప్పగా విన్నాడా? ఆమె నాకే మొదటిసారి చెప్పింది. నేను అడిగిన తీరులో ఏదైనా అందించానా? నేను అడిగింది చుక్కబొల్లి గురించి ఒక్కటే, అది కూడా ఆఖరున. కాకతాళీయమా? మొదటి ఒకటి, రెండు కలిస్తే అనుకుంటాను. మళ్ళీ రికార్డింగులు విన్నాను, ఎక్కడైనా తప్పు రాశానేమోనని. తప్పు లేదు.

తర్వాతి చెకప్‌లో డాక్టరును అడిగాను. ఆయన ఓపికగా విన్నారు. మెదడు అలిసిపోయినప్పుడు మాటలు ఎందుకు జారిపోతాయో వివరించారు. "జారిపోవడం వరకు నేను చెప్పగలనమ్మా. వరుస సంగతి నాకు తెలియదు" అన్నారు. తెలియదు అని చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మల్లేశం ఇప్పుడు బాగున్నాడు. రోజూ సిరప్ తాగుతాడు, మొహం చిట్లించుకుంటాడు. బండి మానేశాడు. మా బోరబండ స్టేషన్ దగ్గర ఒక మెడికల్ షాపులో సామాను సర్దుతాడు. అంకెలు చకచకా కలుపుతున్నాడు. నిమిషం పరీక్ష ఇప్పుడూ రోజూ పెడతాను, దవాఖాన లెక్క ప్రకారమే. పులి, ఏనుగు, కోతి, గాడిద అని బడిపిల్లవాడిలా గబగబా అప్పజెబుతాడు. గొర్రె అని ఒక్కసారి అంటాడు, ముందుకు పోతాడు. మంచి మార్కులు వస్తాయి. పేర్లు మాత్రం లేవు. తొమ్మిదిలో ఒక్కటి కూడా మళ్ళీ రాలేదు.

ఆ పేర్లు వినాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. అవి వస్తే రోగం తిరిగి వచ్చిందేమోనని భయం. రాకపోతే ప్రతి పొద్దునా ఏదో తక్కువైనట్టుంటుంది. ఎదురుగా ఆరోగ్యంగా కూర్చున్న మనిషి కోసం బెంగ పెట్టుకునే ఆడది లోకంలో నేనొక్కదాన్నేనేమో.

అత్త ఒట్టు అత్తది. నాకు ఏ ఒట్టూ లేదు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, డాబా మీద బట్టలు ఆరేస్తూ మల్లేశానికి అంతా చెప్పాను. పేర్లు చదివి వినిపించాను. తన గొంతు తనకే ఫోన్‌లో వినిపించాను. ఎవరి సంగతో విన్నట్టు విన్నాడు.

"నా గొంతే. గని నాకు ఎర్కలేదే."

"ఒక్కటి గూడ యాదికి లేదా?"

తల అడ్డంగా ఊపాడు. స్టేషన్‌లోకి రైలు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. తర్వాత అడిగాడు.

"నాయిన ఎనిమిది దినాలు తిరిగిండా?"

"తిరిగిండట."

"నాతోని చెప్తే నేను గూడ తిరుగుతుంటి గద."

మర్నాడు పొద్దున మామూలుగా టైము పెట్టాను. కుక్క అన్నాడు. బర్రె, మేక అన్నాడు. గొర్రె అన్నాడు. ఆగిపోయాడు. నేను గడియారం చూస్తున్నాను. పది సెకన్లు, ఇరవై సెకన్లు. నిమిషం అయిపోయి ఫోన్ మోగింది. నేను అతని రెండు చేతులూ పట్టుకుని ముందుకు చాపించాను. వణకలేదు. ఈ రోజు ఏ వారం అని అడిగాను. సోమవారం అన్నాడు. నీ పేరేంది అన్నాను.

"నీ మొగని పేరు నువ్వు అడుగుతవేందే" అని నవ్వాడు. ఆలస్యం లేకుండా, వెంటనే. "నాకేం కాలే. జర యాదికొచ్చింది."

"పేర్లా?"

"పేర్లు కాదు. వానకు తడిసిన బొచ్చు వాసన."

నేను ఎన్ని పుస్తకాలు చదివినా ఆ వరుసకు కారణం చెప్పలేను. చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే నోట్‌బుక్, చీటీ, రికార్డింగులు మూడూ చూపిస్తాను. ఆ రోజు క్యాలెండర్ మీద నాలుగు అని వేసి, కింద రోగం కాదు అని రాసి, మల్లేశానికి చాయ్ పోసి, పనికి బయల్దేరాను.